మోటారు డ్రైవ్ ట్రిప్ అవుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోన్ ఎత్తగానే అవతలి నుంచి వినిపించే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "సార్, డ్రైవ్ ఎర్రర్ చూపిస్తోంది." నేను తిరిగి అడిగేదీ ఒకటే: "ఎప్పుడొచ్చింది? మోటారు ఎత్తుకునేటప్పుడా, నడుస్తుండగానా, ఆపేటప్పుడా?" చాలామంది దగ్గర దీనికి జవాబుండదు. ఎర్రర్ కనబడగానే వేలు రీసెట్ మీదికి వెళ్లిపోయి ఉంటుంది. ఏ కోడ్ వచ్చిందన్న దానికంటే ఏ క్షణంలో వచ్చిందన్నదే నాకు ఎక్కువ పనికొస్తుంది. కింది జవాబుల్లో ఈ మాట చాలాసార్లు తగులుతుంది, విసుక్కోకండి.

ఇక్కడ చెప్పేవన్నీ 415 వోల్టుల త్రీ ఫేజ్ సప్లై మీద నడిచే మామూలు డ్రైవ్‌ల గురించి, అంటే మోటారు వేగాన్ని మార్చే పెట్టెల గురించి. రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు, బోర్లు, చిన్న ఫ్యాక్టరీలలో ఉండేవి ఇవే.

ఇన్వర్టర్ అంటే ఇంట్లో కరెంటు పోతే పనిచేసేదేనా?

మోటారు డ్రైవ్‌ని కూడా ఇన్వర్టర్ అంటారు. పేరు ఒకటే, పని వేరు. ఇంట్లోది బ్యాటరీ కరెంటును 230 వోల్టుల ఏసీగా మారుస్తుంది. మోటారు డ్రైవ్, అంటే వీఎఫ్‌డీ, లైన్ నుంచి వచ్చే ఏసీని ముందు డీసీ చేసి, మళ్లీ మనకు కావలసిన ఫ్రీక్వెన్సీలో ఏసీగా కత్తిరించి మోటారుకు ఇస్తుంది. లోపల మూడు గదులు ఉన్నాయనుకోండి. మొదటి గదిలో డయోడ్ బ్రిడ్జి, రెండో గదిలో పెద్ద కెపాసిటర్లు, మూడో గదిలో ఆరు ఐజీబీటీ స్విచ్‌లు. మధ్య గదిని డీసీ బస్ అంటారు. 415ను 1.414తో గుణిస్తే 587 వస్తుంది. లైన్ సరిగ్గా ఉంటే డీసీ బస్ మీద మీటరు చూపించేది ఈ చుట్టుపక్కలే. ఈ అంకె గుర్తుంటే సగం ఫాల్టులు మీటరుతోనే తేలిపోతాయి.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట: ఈ ఐజీబీటీని 1980ల మొదట్లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తూ రూపొందించిన బంట్వాళ్ జయంత్ బాలిగ మద్రాసులో పుట్టినవాడు. 2024లో ఆయనకు మిలీనియం టెక్నాలజీ ప్రైజ్ ఇచ్చారు. మనం నల్ల ముద్దలా కాలిపోయిన మాడ్యూల్‌ని తిట్టుకుంటూ విప్పుతాం గానీ, దాని వెనక మనవాడి బుర్ర ఉంది.

కవర్ తీసే ముందు ఏం చూసుకోవాలి?

మెయిన్ ఆపినా కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. డ్రైవ్ పక్కన అంటించిన కాగితం మీద 5 నిమిషాలనో 10 నిమిషాలనో 15 నిమిషాలనో రాసి ఉంటుంది. అంతసేపు ఆగండి. ఆగాక కూడా డీసీ ప్లస్, డీసీ మైనస్ టెర్మినళ్ల మధ్య మీటరు పెట్టి 50 వోల్టుల కంటే తక్కువకు దిగిందని కళ్లారా చూడండి. చార్జ్ ఉందని చూపించే ఎర్ర లైటు ఆరిపోయింది కదా అని చెయ్యి పెట్టొద్దు. లైటే పాడైపోయి ఉండొచ్చు. మీటరు క్యాట్ 3, 1000 వోల్టుల రకానిదై ఉండాలి. రోడ్డు పక్కన దొరికే పసుపు రంగు చౌక మీటరు ఇంట్లో స్విచ్ బోర్డుకు సరిపోతుందేమో, 587 వోల్టుల డీసీకి పనికిరాదు.

సోలార్ పంపు డ్రైవ్ అయితే ఇంకో జాగ్రత్త. లైన్ ఆపడం అంటూ అక్కడ ఉండదు. ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ల నుంచి వోల్టేజ్ వస్తూనే ఉంటుంది. డీసీ ఐసోలేటర్ కిందికి దించి, అది నిజంగానే తెగిందో లేదో మీటరుతో చూసుకోవాలి.

కోడ్ చూసి ఏం పోయిందో చెప్పేయొచ్చా?

కొంతవరకే. ఓవర్ కరెంట్ అన్నది ఒకటే విషయం, కంపెనీని బట్టి పేరు మారుతుంది. మిత్సుబిషిలో ఇ.ఓసీ1 అంటే వేగం పెరిగేటప్పుడు, ఇ.ఓసీ2 అంటే ఒకే వేగంలో ఉన్నప్పుడు, ఇ.ఓసీ3 అంటే వేగం తగ్గేటప్పుడు. సీమెన్స్ జీ120లో అది ఎఫ్30001. డాన్‌ఫాస్‌లో అలారం 13. మిత్సుబిషి వాళ్లు 'ఎప్పుడు' అన్నదాన్ని కోడ్‌లోనే పెట్టడం నాకు బాగా నచ్చే పద్ధతి. మిగతా వాటిలో ఆ సంగతి మనమే తవ్వుకోవాలి.

తవ్వడం కష్టమేమీ కాదు. చాలా డ్రైవ్‌లు ట్రిప్ అయిన క్షణంలో ఫ్రీక్వెన్సీ, కరెంటు, డీసీ బస్ వోల్టేజ్ ఎంత ఉన్నాయో ఫాల్ట్ లాగ్‌లో దాచుకుంటాయి. రీసెట్ కొట్టే ముందు ఆ స్క్రీన్లు వరసగా తిప్పి ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. 3 హెర్ట్జ్ దగ్గర వచ్చిన ఓవర్ కరెంట్‌కీ 48 హెర్ట్జ్ దగ్గర వచ్చినదానికీ వెతకాల్సిన చోట్లు వేరు.

స్టార్ట్ చేయగానే ఓవర్ కరెంట్ వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు డ్రైవ్ ఆపి, చార్జ్ పోయాక యూ, వీ, డబ్ల్యూ వైర్లు, అంటే మోటారుకు వెళ్లే మూడు వైర్లు, విప్పేయండి. మోటారు లేకుండా, మామూలు వీ బై ఎఫ్ మోడ్‌లో (ఫ్రీక్వెన్సీతో పాటే వోల్టేజ్ పెరిగే మోడ్), రన్ ఇవ్వండి. ఇప్పుడూ ఓవర్ కరెంట్ వస్తే తప్పు డ్రైవ్ లోపలే ఉంది: ఐజీబీటీ షార్ట్, గేట్ డ్రైవర్ లోపం, లేదా కరెంటు కొలిచే హాల్ సెన్సర్ పాడవడం. కరెంటే లేనిచోట డిస్‌ప్లే ఆంపియర్లు చూపిస్తుంటే అనుమానం సెన్సర్ మీదికే వెళ్లాలి.

మోటారు విప్పాక సాఫీగా 50 హెర్ట్జ్ దాకా వెళ్తే డ్రైవ్ చాలావరకు బాగున్నట్టే. ఇక బయట వెతకాలి. మోటారు షాఫ్ట్ చేత్తో తిరుగుతోందా? బోరు పంపైతే ఇసుక పట్టేసిందా? బ్రేక్ ఉన్న మోటారైతే బ్రేక్ వదులుతోందా? టెర్మినల్ బాక్సులో నీళ్లు చేరాయా? ఇవన్నీ బాగుంటే పారామీటర్ల వైపు, అంటే డ్రైవ్ సెట్టింగుల వైపు రండి. 5 హెచ్‌పీ బ్లోయర్‌కి యాక్సిలరేషన్ టైమ్ 2 సెకన్లు పెట్టినవాళ్లను చూశాను. పెద్ద చక్రం ఉన్న బ్లోయర్ 2 సెకన్లలో ఎలా ఎత్తుకుంటుంది? 20 చేస్తే సమస్య అక్కడితో పోయింది. టార్క్ బూస్ట్ (తక్కువ వేగంలో ఇచ్చే అదనపు వోల్టేజ్) ఎక్కువ పెట్టడం, నేమ్‌ప్లేట్ కరెంటు తప్పుగా ఎక్కించడం కూడా ఇదే కోవ.

బ్లోయర్ల సంగతిలో ఇంకోటి. ఆపిన తర్వాత కూడా గాలికి రెక్కలు వెనక్కో ముందుకో తిరుగుతూ ఉంటాయి. తిరుగుతున్న మోటారుకు సున్నా నుంచి స్టార్ట్ ఇస్తే డ్రైవ్ ట్రిప్ అవుతుంది. పొద్దున మొదటిసారి బాగానే ఎత్తుకుని, మధ్యలో ఆపి వెంటనే వేస్తేనే ట్రిప్ అవుతోందంటే కారణం ఇదే కావచ్చు. ఫ్లయింగ్ స్టార్ట్ అనే పారామీటర్ ఆన్ చేస్తే డ్రైవ్ ముందు మోటారు వేగాన్ని పసిగట్టి అక్కడి నుంచి అందుకుంటుంది.

ఇక అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు: పాత స్టార్ డెల్టా స్టార్టర్‌ని అలాగే ఉంచి దాని ముందు డ్రైవ్ పెట్టడం. డ్రైవ్ నడుస్తుండగా వెనక కాంటాక్టర్లు స్టార్ నుంచి డెల్టాకు మారతాయి, అదే క్షణంలో డ్రైవ్ పడిపోతుంది. కొన్నిసార్లు ఐజీబీటీ కూడా పోతుంది. డ్రైవ్ పెట్టాక స్టార్ డెల్టా స్టార్టర్‌కి పని లేదు. 415 వోల్టుల డెల్టా మోటారైతే ఆరు వైర్లను టెర్మినల్ బాక్సులోనే పట్టీలతో డెల్టా చేసి, మూడు వైర్లు నేరుగా డ్రైవ్‌కి తేవాలి.

ఐజీబీటీ, బ్రిడ్జి పోయాయో లేదో మీటరుతో ఎలా తెలుస్తుంది?

కరెంటు పూర్తిగా ఆపి, చార్జ్ పోయాక, ఇన్‌పుట్ వైర్లు, మోటారు వైర్లు రెండూ విప్పండి. మోటారు వైర్లు ఉంటే వైండింగ్ ద్వారా మూడు ఫేజులూ కలిసిపోయి రీడింగ్ మోసం చేస్తుంది. మీటరును డయోడ్ మోడ్‌లో పెట్టండి.

ఎర్ర ప్రోబ్‌ని డీసీ మైనస్ మీద ఉంచి, నల్ల ప్రోబ్‌ని వరసగా ఆర్, ఎస్, టీ (లైన్ వచ్చే టెర్మినళ్లు), యూ, వీ, డబ్ల్యూ మీద తాకించండి. ఆరు చోట్లా 0.3 నుంచి 0.6 వోల్టుల మధ్య ఏదో ఒక అంకె రావాలి. తర్వాత నల్ల ప్రోబ్‌ని డీసీ ప్లస్ మీద ఉంచి, ఎర్ర ప్రోబ్‌ని అదే ఆరు చోట్ల తాకించండి. మళ్లీ అదే మోతాదు రావాలి. ప్రోబ్‌లు తారుమారు చేస్తే ఏమీ రాకూడదు. కెపాసిటర్ చార్జ్ అవుతున్నందువల్ల అంకె మెల్లగా పైకి ఎక్కి మాయమవడం మామూలే, దానికి కంగారు పడొద్దు.

సున్నా వస్తే ఆ కాలు, అంటే ఆ ఫేజ్ దారి, షార్ట్. అసలేమీ రాకపోతే ఓపెన్. ఆర్, ఎస్, టీలలో తేడా కనిపిస్తే బ్రిడ్జి. యూ, వీ, డబ్ల్యూలలో కనిపిస్తే ఐజీబీటీ. అసలు అంకెల కంటే వాటి మధ్య పోలిక ముఖ్యం. మూడింట్లో రెండు 0.38 చూపించి ఒకటి 0.21 చూపిస్తే ఆ ఒక్కటి పోయే దారిలో ఉందని అర్థం.

ఈ పరీక్షకు ఒక లోటుంది. మీరు కొలుస్తున్నది ఐజీబీటీ పక్కనున్న డయోడ్‌ని మాత్రమే. గేట్ పాడైన ఐజీబీటీ ఈ పరీక్షలో పాసైపోతుంది. డయోడ్ టెస్ట్ బాగుండి కూడా మోటారు గుర్రుమంటూ వణుకుతుంటే, డ్రైవ్ నడుస్తుండగా యూ, వీ మధ్య, వీ, డబ్ల్యూ మధ్య, డబ్ల్యూ, యూ మధ్య మీటరును డీసీ వోల్ట్స్‌లో పెట్టి చూడండి. ఆరోగ్యంగా ఉన్న డ్రైవ్‌లో అది దాదాపు సున్నా. ఒక జంటలో పదుల వోల్టులు కనిపిస్తే ఆ కాలులో ఒక స్విచ్ పనిచేయట్లేదు.

ఎర్త్ ఫాల్ట్ వస్తోంది. మెగ్గర్ పెట్టొచ్చా?

మోటారుకు పెట్టొచ్చు. డ్రైవ్‌కి పెట్టకూడదు. ఇన్సులేషన్ కొలిచే ఈ మెగ్గర్ 500 వోల్టులు పంపుతుంది, డ్రైవ్ లోపలి ఎలక్ట్రానిక్స్ దానికి తట్టుకోవు. నేను పని నేర్చుకునే రోజుల్లో కేబుల్ విప్పకుండానే మెగ్గర్ తిప్పాను. మోటారు బాగానే ఉంది. అప్పటిదాకా బాగానే ఉన్న డ్రైవ్ పోయింది. మా మేస్త్రీ ఆ రోజు తిట్టలేదు, అందుకే ఇంకా గుర్తుంది.

పద్ధతి ఇది: యూ, వీ, డబ్ల్యూ వైర్లను డ్రైవ్ దగ్గరే విప్పి, కేబుల్, మోటారు కలిపి ఎర్త్‌కి మెగ్గర్ చేయండి. మంచి మోటారు పదుల, వందల మెగా ఓమ్‌లు చూపిస్తుంది. 1 మెగా ఓమ్ కంటే కిందికి దిగితే నడపొద్దు. తక్కువ వస్తే కేబుల్‌ని మోటారు దగ్గర కూడా విప్పి రెండింటినీ విడివిడిగా చూడండి. వానాకాలంలో మొదటి అనుమానం టెర్మినల్ బాక్సులోకి నీరు చేరడం మీద, రెండోది నేలలో వేసిన జాయింట్ మీద. చెమ్మ పట్టిన మోటారైతే ఆరబెడితే కోలుకుంటుంది.

మెగ్గర్‌లో అంతా బాగుండి కూడా ట్రిప్ అవుతోందా? అయితే చుట్టుకూ చుట్టుకూ మధ్య షార్ట్ ఉండొచ్చు. అది మెగ్గర్‌కి దొరకదు. మూడు వైండింగుల రెసిస్టెన్స్ మిల్లీ ఓమ్ మీటరుతో కొలిచి పోల్చాలి. రివైండింగ్ చేయించిన మోటార్లలో ఇది ఎక్కువ. మామూలు ఎనామిల్ తీగతో చుట్టించిన మోటారు లైన్ మీద ఏళ్లు నడుస్తుంది, డ్రైవ్ మీద నెలల్లో పోతుంది. రివైండింగ్ షాపు అతనికి ముందే చెప్పండి, ఇది డ్రైవ్ మీద నడిచే మోటారని. డబుల్ కోటింగ్ తీగ వేస్తాడు.

ఆపేటప్పుడే ఓవర్ వోల్టేజ్ వస్తోంది. లైన్ వోల్టేజ్ చూస్తే బాగానే ఉంది, ఎందుకిలా?

ఆపేటప్పుడు వచ్చిన ఓవర్ వోల్టేజ్‌కీ లైన్‌కీ సాధారణంగా సంబంధం ఉండదు. వేగంగా తిరుగుతున్న బరువును గబుక్కున ఆపమంటే మోటారు జనరేటర్ అయిపోతుంది. ఆ కరెంటు వెనక్కి వచ్చి డీసీ బస్‌లో చేరుతుంది. డయోడ్ బ్రిడ్జి దాన్ని లైన్‌లోకి పోనివ్వదు. పోయే దారి లేక బస్ వోల్టేజ్ పెరుగుతూ, ఈ తరగతి డ్రైవ్‌లలో 800 వోల్టుల దగ్గర ట్రిప్ అవుతుంది.

మొదటి మందు డిసిలరేషన్ టైమ్ పెంచడం. 5 సెకన్లున్నదాన్ని 20 చేసి చూడండి. ఆగడానికి తొందర లేని పంపు, బ్లోయర్ లాంటివైతే కోస్ట్ స్టాప్ పెట్టేయండి, దానంతట అదే ఆగుతుంది. క్రేన్, లిఫ్ట్, సెంట్రిఫ్యూజ్ లాంటివైతే బ్రేకింగ్ రెసిస్టర్ తప్పదు. అది ఉన్నా ట్రిప్ అవుతుంటే రెసిస్టర్ ఓమ్‌లు కొలవండి, లోపల తీగ తెగి ఉండొచ్చు. కొత్తది వేసేటప్పుడు డ్రైవ్ పుస్తకంలో ఇచ్చిన కనీస ఓమ్‌ల కంటే తక్కువ వేయొద్దు, రెసిస్టర్‌ని ఆన్ ఆఫ్ చేసే చాపర్ ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. మోటారు ఆగి ఉన్నా రెసిస్టర్ వేడెక్కుతూనే ఉందంటే ఆ ట్రాన్సిస్టర్ అప్పటికే షార్ట్ అయింది. మంటలు లేచేలోపు మెయిన్ ఆపండి.

మోటారు నడవకుండానే ఓవర్ వోల్టేజ్ వస్తే అది వేరే కథ. రాత్రిళ్లు ఫీడర్ మీద లోడ్ తగ్గినప్పుడు పల్లెల్లో వోల్టేజ్ బాగా పెరుగుతుంది. 470 అయితే డీసీ బస్ 665కి వెళ్తుంది. అంతవరకు డ్రైవ్ తట్టుకుంటుంది. దాని మీద కెపాసిటర్ బ్యాంక్ స్విచింగ్ స్పైకో, పిడుగు స్పైకో పడితే తట్టుకోదు. ఇన్‌పుట్‌లో లైన్ చోక్, సర్జ్ అరెస్టర్ పెట్టించుకోవడం మేలు. ఇంకోటి, డిస్‌ప్లేలో కనిపించే డీసీ బస్ అంకెను మీటరు రీడింగ్‌తో పోల్చండి. మీటరు 580 అంటుంటే డిస్‌ప్లే 720 అంటోందా? వోల్టేజ్ కొలిచే సర్క్యూట్‌లో రెసిస్టర్ విలువ మారిపోయింది.

స్టాండ్‌బైలో బాగుంటుంది, లోడ్ పడగానే అండర్ వోల్టేజ్. లైన్‌లో 415 ఉంది!

ఈ లక్షణం వింటే నాకు ముందు గుర్తొచ్చేది ప్రీచార్జ్ రిలే. మెయిన్ వేయగానే ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు లాగకుండా మధ్యలో ఒక రెసిస్టర్ ఉంటుంది. కెపాసిటర్లు నిండాక ఒక రిలే 'టక్' మని పడి ఆ రెసిస్టర్‌ని దాటవేస్తుంది. రిలే పాయింట్లు కాలిపోతే లోడ్ కరెంటంతా ఆ చిన్న రెసిస్టర్ గుండానే పోవాలి. డీసీ బస్ అమాంతం కుంగిపోతుంది, అండర్ వోల్టేజ్ వస్తుంది. అలా నాలుగైదుసార్లు రీసెట్ కొట్టి నడిపితే రెసిస్టర్ కాలి తెగిపోతుంది, మర్నాటికి డ్రైవ్‌లో లైటే వెలగదు. మెయిన్ వేసిన తర్వాత ఆ 'టక్' వినిపించిందా అని చెవి పెట్టండి. పెద్ద డ్రైవ్‌లలో రిలే బదులు ఎస్‌సీఆర్ (ఎలక్ట్రానిక్ స్విచ్) బ్రిడ్జి ఉంటుంది, అక్కడ శబ్దం రాదు.

ఈ రిలే, రెసిస్టర్ తొందరగా పోవడానికి మన అలవాటే కారణం. మోటారు ఆపాలంటే మెయిన్ ఎంసీబీ దించడం, నడపాలంటే ఎత్తడం. రోజుకు ముప్పైసార్లు. స్టార్టర్‌కి అది చెల్లుతుంది, డ్రైవ్‌కి చెల్లదు. స్టార్ట్, స్టాప్ కంట్రోల్ టెర్మినల్ నుంచే ఇవ్వాలి.

ఇంకో కారణం ముసలి కెపాసిటర్లు. పైన ఉబ్బినా, అడుగున జిగురులాంటిది కారినా మార్చాల్సిందే. చూపుకు బాగున్నా కెపాసిటీ 20 శాతం పడిపోతే వాటి ఆయుష్షు అయిపోయినట్టే లెక్క.

ఫేజ్ పోయినా మోటారు నడుస్తూనే ఉంది. పరవాలేదా?

పరవాలేదు అనిపించడమే ఇక్కడి ప్రమాదం. స్టార్టర్ మీదైతే సింగిల్ ఫేజింగ్ వెంటనే తెలుస్తుంది, మోటారు మూలుగుతుంది. డ్రైవ్ మీద అలా కాదు. తక్కువ లోడ్‌లో రెండు ఫేజులతోనే చల్లగా లాక్కొస్తుంది. లోపల మాత్రం కెపాసిటర్ల మీద పడే అల సెకనుకు 300 సార్ల నుంచి 100 సార్లకు దిగి లోతవుతుంది. కెపాసిటర్లు వేడెక్కి ఎండిపోతాయి. ఫేజ్ లాస్ ప్రొటెక్షన్ చికాకుగా ఉందని పారామీటర్‌లో ఆఫ్ చేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఫ్యూజు, ఐసోలేటర్ బ్లేడు, లగ్గు చూడండి. వేడికి రంగు మారిన లగ్గు ఒకటైనా దొరుకుతుంది.

ఇక మన రెండు రాష్ట్రాల రైతులకు ఒక ముఖ్యమైన మాట. వ్యవసాయ మోటార్లకు కెపాసిటర్ బిగించమని డిస్కంలు ఏళ్లుగా చెబుతున్నాయి. స్టార్టర్‌తో నడిచే మోటారుకు అది మంచిదే. అదే మోటారుకు డ్రైవ్ పెడితే ఆ కెపాసిటర్ తీసేయాలి. డ్రైవ్‌కీ మోటారుకీ మధ్య కెపాసిటర్ ఉంటే ప్రతి స్విచింగ్‌కీ అది షార్ట్ సర్క్యూట్‌లా కరెంటు లాగుతుంది. ఓవర్ కరెంట్‌తో ట్రిప్ అయితే అదృష్టం, లేకపోతే ఐజీబీటీ పోతుంది.

ఎండాకాలంలో మాత్రమే ఓవర్ హీట్ వస్తోంది. ప్యానెల్ తలుపు తీసి నడుపుతున్నాం.

రెంటచింతల, రామగుండం వైపు మేలో 45 డిగ్రీలు దాటుతుంది. మూసిన ప్యానెల్ లోపల దానికి ఇంకో 10, 15 కలపండి. చాలా డ్రైవ్‌ల రేటింగ్ 40 డిగ్రీల వరకే. ఆ పైన తగ్గించి వాడాలని పుస్తకంలో పట్టిక ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు.

తలుపు తీస్తే చల్లబడుతుంది నిజమే. కానీ జిన్నింగ్ మిల్లులో దూది నూగు, రైస్ మిల్లులో ఊక దుమ్ము, గ్రానైట్ యూనిట్లో రాతి పొడి తలుపు తీసిన దారినే లోపలికి వస్తాయి. ఒక రైస్ మిల్లులో హీట్‌సింక్ రెక్కల మధ్య నుంచి తీసిన పొడితో ఒక గ్లాసు నిండింది. ఫ్యాన్ తిరుగుతోంది, గాలి మాత్రం పోవట్లేదు. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి అది అతివేగంగా తిరిగితే బేరింగ్ పోతుంది. తలుపుకి ఫిల్టర్ ఉన్న ఫ్యాన్ పెట్టించి, ఫిల్టర్ వారం వారం దులపడమే సరైన దారి.

ఫ్యాన్ మార్చేటప్పుడు చాలామంది చేసే తప్పు: పాతది మూడు వైర్ల 24 వోల్టుల ఫ్యాన్. మూడో వైరు ఫ్యాన్ తిరుగుతోందని డ్రైవ్‌కి చెప్పేది. బజార్లో దొరికిన రెండు వైర్లది వేస్తే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, డ్రైవ్ మాత్రం ఫ్యాన్ ఫాల్ట్ అంటుంది. గాలి ఏ వైపు పోవాలో బాణం గుర్తు కూడా చూసుకోండి.

భీమవరం వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో వేడి కంటే ఉప్పుగాలి, చెమ్మ ఎక్కువ బాధ. డ్రైవ్ లోపలి సర్క్యూట్ కార్డు మీద పచ్చటి చిలుము పడుతుంది. కోటింగ్ ఉన్న కార్డులు అడిగి తీసుకోవాలి. ఇక అన్ని చోట్లా ఉండే శత్రువు బల్లి. వెచ్చదనం వెతుక్కుంటూ కేబుల్ కన్నంలోంచి దూరి, డీసీ బస్ పట్టీల మధ్య పడుతుంది. కేబుల్ గ్లాండ్‌లు బిగించి, వాడని కన్నాలు మూసేయడానికి పది నిమిషాలు పట్టదు.

ఓవర్ లోడ్, ఓవర్ కరెంట్ ఒకటేనా?

కాదు. ఓవర్ కరెంట్ రెప్పపాటులో వచ్చేది. ఓవర్ లోడ్ అంటే రేటింగ్ కంటే కాస్త ఎక్కువ కరెంటు చాలాసేపు పోవడం. బేరింగ్ పట్టుకోవడం, బెల్టు మరీ బిగువుగా ఉండడం, మెషీన్‌లో సరుకు ఎక్కువ వేయడం చూడండి. నేమ్‌ప్లేట్ కరెంటు డ్రైవ్‌లో సరిగ్గా ఎక్కించారో లేదో కూడా చూడండి.

క్లాంప్ మీటరులో ఇన్‌పుట్ 4 ఆంపియర్లు, అవుట్‌పుట్ 9 ఆంపియర్లు. మీటరు తప్పా?

మీటరు సరే, డ్రైవ్ కూడా సరే. తక్కువ వేగంలో మోటారుకు అయస్కాంతం నిలబెట్టే కరెంటు డ్రైవ్ లోపలి కెపాసిటర్ల నుంచే తిరుగుతుంది. లైన్ నుంచి వచ్చేది నిజంగా పనికి ఖర్చయ్యే భాగం మాత్రమే. అవుట్‌పుట్ వోల్టేజ్ కొలిస్తే మాత్రం మామూలు మల్టీమీటరును నమ్మొద్దు. డ్రైవ్ ఇచ్చేది ముక్కలు ముక్కలుగా కోసిన వోల్టేజ్, లో పాస్ ఫిల్టర్ ఉన్న ట్రూ ఆర్ఎంఎస్ మీటరు కావాలి. లేకపోతే అంకెల్ని వదిలేసి, మూడు జంటలూ సమానంగా ఉన్నాయా అని మాత్రం చూడండి.

డ్రైవ్ వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోంది. ఎర్త్ వైరు తీసేస్తే ఆగింది. అలా నడపొచ్చా?

వద్దు. డ్రైవ్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా, కేబుల్ గుండా కొంత కరెంటు ఎర్త్‌కి కారడం సహజం. ఎర్త్‌కి కారే కరెంటు చూసి పడిపోయే స్విచ్చే ఆర్‌సీసీబీ; 30 మిల్లీ ఆంపియర్లదానికి అది ఎక్కువ. డ్రైవ్‌లకు తగిన బీ రకం, 300 మిల్లీ ఆంపియర్లది వేయించండి. క్యారియర్ ఫ్రీక్వెన్సీ (ఐజీబీటీలు ఆన్ ఆఫ్ అయ్యే వేగం) తగ్గించినా కారే కరెంటు తగ్గుతుంది, కాకపోతే మోటారు కాస్త కూత పెడుతుంది. ఎర్త్ తీస్తే ఆ కారే కరెంటు మోటారు బాడీని ముట్టుకున్నవాడి గుండా పోతుంది.

బోరు 1000 అడుగులు. కేబుల్ పొడవు వల్ల ఇబ్బందా?

అనంతపురం వైపు ఇది మామూలు ప్రశ్న. 1000 అడుగులంటే 300 మీటర్లు. డ్రైవ్ పంపే నిటారు పల్స్ కేబుల్ చివరికి వెళ్లి మోటారు దగ్గర తిరగబడి, వచ్చే పల్స్‌తో కలిసి దాదాపు రెట్టింపవుతుంది. డీసీ బస్ 587 అయితే మోటారు టెర్మినళ్ల దగ్గర 1200 వోల్టులకు దగ్గరగా పోటు పడుతుంది. మొదటి చుట్ల ఇన్సులేషన్ అక్కడే చిల్లు పడుతుంది. చిన్న డ్రైవ్ అయితే పొడవాటి కేబుల్‌ని చార్జ్ చేసే కరెంటుకే ఓవర్ కరెంట్‌లో పడిపోవచ్చు. డ్రైవ్ అవుట్‌పుట్‌లో పల్స్ నిటారుతనాన్ని తగ్గించే డీవీ బై డీటీ ఫిల్టర్ గానీ సైన్ ఫిల్టర్ గానీ పెట్టడం, క్యారియర్ ఫ్రీక్వెన్సీ తగ్గించడం దీనికి మందు. ఫిల్టర్ ఖరీదు చూసి వెనకాడే రైతుకు నేను చెప్పేది, 300 మీటర్ల పైపు పైకి లాగే కూలీ కూడా లెక్క వేసుకోమని.

సబ్‌మెర్సిబుల్ మోటారును 30 హెర్ట్జ్ కంటే కిందికి నడపొద్దు. అడుగున ఉన్న థ్రస్ట్ బేరింగ్ నీటి పొర మీద తేలాలంటే ఆ వేగం కావాలి. యాక్సిలరేషన్‌లో కూడా 30 దాకా తొందరగా తీసుకెళ్లి, ఆ తర్వాత నెమ్మదిగా పెంచాలి.

ఐజీబీటీ మాడ్యూల్ కొత్తది వేశాం. వేసిన వెంటనే మళ్లీ పేలింది.

గేట్ డ్రైవర్ చూడకుండా వేసి ఉంటారు. ఐజీబీటీ పేలినప్పుడు ఆ దెబ్బ గేట్ దారిలో వెనక్కి వెళ్లి గేట్ రెసిస్టర్, జీనర్, ఆప్టోకప్లర్‌లలో ఏదో ఒకదాన్ని తీసుకెళ్తుంది. పైస్విచ్, కిందిస్విచ్ రెండూ ఒకేసారి ఆన్ అయితే డీసీ బస్ మొత్తం కొత్త మాడ్యూల్ గుండా షార్ట్ అవుతుంది. మాడ్యూల్ వేసే ముందు ఆరు గేట్ సర్క్యూట్లనూ ఒకదానితో ఒకటి పోల్చండి. ఆన్‌లో 15 వోల్టుల దగ్గర, ఆఫ్‌లో సున్నా లేదా మైనస్ వోల్టేజ్ రావాలి. ఆరింట్లో ఒకటి వేరుగా ఉంటే కొత్త మాడ్యూల్ డబ్బాలోనే ఉండనివ్వండి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు నేరుగా ఇవ్వకుండా సిరీస్ ల్యాంప్ ద్వారా ఇవ్వడం మా వాళ్ల పాత పద్ధతి. 415కి ఒక్క 230 వోల్టుల బల్బు చాలదు, రెండు సమానమైన వాటిని సిరీస్‌లో వేయాలి. బల్బులు ఒకసారి వెలిగి మసకబడితే కెపాసిటర్లు నిండాయి, షార్ట్ లేదు. వెలుగు తగ్గకుండా అలాగే ఉంటే లోపల ఇంకా షార్ట్ ఉంది. ఒక బల్బు ఖర్చుతో ఒక మాడ్యూల్ మిగులుతుంది. మాడ్యూల్ కింద థర్మల్ పేస్ట్ పలుచగా, సమానంగా పూయడం, బోల్టులు ఎదురెదురుగా బిగించడం మరచిపోవద్దు.

స్పీడ్ దానంతట అదే పెరిగి తగ్గుతోంది. ఫాల్ట్ ఏమీ రావట్లేదు.

డ్రైవ్‌కి స్పీడ్ చెప్పే 4–20 మిల్లీ ఆంపియర్ల సిగ్నల్ వైరును పవర్ కేబుల్‌తో ఒకే ట్రేలో లాగారా? విడదీసి, కనీసం ఒక అడుగు దూరంలో వేయండి. షీల్డ్ ఉన్న వైరు వాడి, షీల్డ్‌ని డ్రైవ్ వైపు మాత్రమే ఎర్త్ చేయండి. పొటెన్షియోమీటర్‌తో స్పీడ్ ఇస్తుంటే ముందు దాన్నే మార్చి చూడండి, ఇరవై కేసుల్లో పదిహేను అక్కడే తేలతాయని నా అనుభవం.

మోటారు బేరింగులు ఏడాదికోసారి పోతున్నాయి. డ్రైవ్ వల్లేనా?

కావచ్చు. పోయిన బేరింగ్‌ని పారేయకుండా కోసి చూడండి. లోపలి దారి మీద ఇస్త్రీ మడతల్లా అడ్డంగా సమాన దూరంలో గీతలుంటే, షాఫ్ట్ నుంచి కరెంటు బేరింగ్ గుండా ఎర్త్‌కి పోతోంది. షాఫ్ట్ గ్రౌండింగ్ రింగ్, ఇన్సులేటెడ్ బేరింగ్, మంచి ఎర్తింగ్ దీనికి దారులు. గీతలు లేకపోతే గ్రీజు, అలైన్‌మెంట్ చూసుకోండి, పాపం డ్రైవ్‌ని అనొద్దు.

స్టోర్‌లో రెండేళ్లుగా ఉన్న స్పేర్ డ్రైవ్ ఉంది. నేరుగా పెట్టేయొచ్చా?

పెట్టకండి. ఏడాది దాటి కరెంటు లేకుండా పడి ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో లోపలి ఆక్సైడ్ పొర పలుచబడుతుంది. ఒక్కసారిగా పూర్తి వోల్టేజ్ ఇస్తే లీకేజ్ కరెంటు పెరిగి వేడెక్కి పేలతాయి. దీనికి రీఫార్మింగ్ అని ఒక పద్ధతి ఉంది: మోటారు కలపకుండా, వేరియాక్‌తో (వోల్టేజ్ పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) తక్కువ వోల్టేజ్ నుంచి మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా, కొన్ని గంటలపాటు పెంచుకుంటూ పోవడం. ఏ మెట్టులో ఎంతసేపు ఉంచాలో డ్రైవ్ కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ఆ తర్వాత నుంచి స్పేర్ డ్రైవ్‌కి ఏడాదికోసారి కొన్ని గంటలు కరెంటు ఇస్తూ, ఆ తేదీని డ్రైవ్ అట్టపెట్టె మీద మార్కర్‌తో రాసి పెట్టండి. స్టోర్ రిజిస్టర్‌లో రాస్తే ఎవరూ చూడరు.